ఉస్తాదు కావలెను

మన కళాశాల వార్షిక సంచికలో విద్యార్థుల కర్తవ్యాలను గురించి ప్రతి సంవత్సరం ఒక వ్యాసమైనా ఉండడం ఆనవాయితీ. క్రమశిక్షణ, కాలపాలన, గ్రంథాలయ సద్వినియోగం మొదలైన వాటిపై మేము కూడా యథాశక్తి వ్రాసినవారమే. ఈసారి ఆ బోధలను పక్కన పెట్టి, విద్యార్థుల పట్ల పెద్దలకు గల కర్తవ్యాన్ని గురించి వ్రాయదలచినాము. అందుకు మేము ఎన్నుకున్న రంగం మూత్రపిండాల జబ్బులపై, గుండె జబ్బులపై జరిగే పరిశోధన. డిగ్రీ విద్యార్థులు చదివే సంచికలో ఇంత దూరపు విషయం ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చును. అది మనకు ఎంత దగ్గరిదో మాకు తెలిసివచ్చిన సందర్భాన్ని ముందుగా మనవి చేస్తాము.

కొంతకాలం క్రితం ఒక ఊరిలో ఆరోగ్య సర్వే జరిగింది. ప్రశ్నాపత్రం తెలుగులోనే ఉన్నది. సర్వే చేయువారు బీడీలు చుట్టే ఒక వృద్ధురాలిని "మీకు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నదా?" అని అడిగినారు. ఆమె లేదన్నది. వారు "లేదు" అన్న గడిలో గుర్తు పెట్టి ముందుకు సాగబోయినారు. పక్కింటి వాకిట్లో నిలబడి వింటున్న మన కళాశాల విద్యార్థిని ఒకామె అప్పుడు కల్పించుకొని, "కిడ్నీలు ఖరాబైనయా, అవ్వా?" అని అడిగింది. "రెండూ పోయినయి బిడ్డా, వారానికి రెండుసార్లు మిషను మీద పండుతున్న" అని అవ్వ జవాబు. ఆ తరువాతి ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారున్నారు. అక్కడ "గుర్దే" అన్న మాట వాడితే గాని విషయం తెలియలేదు. ఆనాటి మధ్యాహ్నమంతా ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి వారి ప్రశ్నలను రెండు భాషలలోకి మార్చి అడిగిపెట్టింది.

మరునాడు ఆమె మా వద్దకు వచ్చి, "ఇటువంటి పని నేను జీవితమంతా చేయవచ్చునా సార్? దానికి ఏమి చదవాలి? ఎవరిని అడగాలి?" అన్నది. మొదటి రెండు ప్రశ్నలకు తోచిన సమాధానమేదో చెప్పగలిగినాము. మూడవ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. ఇన్ని సంవత్సరాలుగా పాఠాలు చెబుతున్నవారమై యుండి, ఫలానా వారి వద్దకు వెళ్లమ్మా అని చెప్పడానికి ఒక్క పేరైనా మాకు స్ఫురించలేదు. ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

గుండెను, మూత్రపిండాలను మేము జంటగా పేర్కొనడానికి కారణం ఉన్నది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి గలవారిలో పెక్కుమంది డయాలసిస్ దశకు చేరకముందే గుండె జబ్బుతో మరణిస్తారని వైద్యులకు చిరకాలంగా తెలుసు. రక్తపోటు, మధుమేహం రెండింటినీ ఏకకాలంలో దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు చెడినప్పుడు రక్తంలో భాస్వరం పెరిగి, రక్తనాళాల గోడలలో సున్నం పేరుకొనడానికి దోహదం చేస్తుంది. మందుల విషయంలోనూ ఈ చుట్టరికం కనబడుతుంది. మధుమేహానికి వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు గుండె వైఫల్యంలో మేలు చేస్తుందని 2019లోను, మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2020లోను పెద్ద పరీక్షల ద్వారా తేలింది.

ఆ భాస్వరం మాటకు మరొక ప్రాముఖ్యం ఉన్నది. రక్తంలో దానిని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో లోకానికి అందించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. రెండవ వారు హార్వర్డులో ఆయన గురువు సైరస్ ఫిస్కే. కండరం పనిచేయడానికి అవసరమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, గుండెతో సహా ప్రతి కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో ఈ ఇద్దరే వెల్లడించినారు. ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సంవత్సరం విడిగా కనుగొన్నారు. ఈ ఘనత మన పాఠ్యపుస్తకాలలో ఏదో ఒక మూల ఉంటూనే ఉన్నది. ఆ మనిషిని ఆ స్థాయికి చేర్చిన చేతులను గురించి, ఆయనను వెనుకకు లాగిన చేతులను గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఒక ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సుబ్బారావు బయటపడవలసి వచ్చింది. అమెరికా ప్రయాణానికి మామగారు, కాకినాడలోని ఒక ధర్మసంస్థ తోడ్పడినారు. బోస్టన్‌లో ఆసుపత్రి పనివాడుగా రాత్రుళ్లు శ్రమించి ఆయన చదువుకున్నారు. ఫిస్కే ప్రయోగశాలలో చోటిచ్చినారు, పని నేర్పినారు, వ్యాసాలపై తన పేరు పక్కన శిష్యుని పేరు వేసినారు. ఇది ఒక ముఖం. అదే కాలంలో అక్కడ పరిశోధన చేసి అనంతరం 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ రెండవ ముఖాన్ని చూపినారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని ఆయన అభిప్రాయం. హార్వర్డులో సుబ్బారావుకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెళ్లిపోయినారు. పోతన కాలం నుండి నేటి వరకు ప్రతిభకు ఆశ్రయం కరవైన కథలు మనకు కొత్త కావు. ఆశ్రయమిచ్చిన చెయ్యే అడ్డు కూడా పెట్టగలదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఉర్దూ కవిత్వంలో ఒక పద్ధతి ఉన్నది. మన కళాశాలలో సగంమందికి అది పుట్టుకతో తెలిసినదే, మిగిలిన సగం కొరకు చెబుతున్నాము. షాగిర్దు తాను వ్రాసిన గజలును ఉస్తాదు ముందు ఉంచుతాడు. ఉస్తాదు ఒక మాట కొట్టివేస్తాడు, మరొక మాట చేరుస్తాడు, ఒక్కొక్కసారి పంక్తినంతా తిప్పి వ్రాస్తాడు. దీనిని ఇస్లాహ్ అంటారు. తెలుగులో సవరణ అనవచ్చు గాని, ఆ మాటలో ఇస్లాహ్‌లోని ఆప్యాయత రాదు. గజలు మాత్రం షాగిర్దు పేరుతోనే ముషాయిరాలో వినబడుతుంది. వైద్య పరిశోధనలో తొలి అడుగు వేసేవారికి కావలసినది అచ్చంగా ఇదే. ప్రశ్నను ఎట్లా మలచుకోవాలి, ఎంతమంది రోగులను చూస్తే లెక్క నిలబడుతుంది, నైతిక సంఘం అనుమతి ఎట్లా పొందాలి, తిరస్కరించిన పత్రిక చెప్పిన అభ్యంతరాలకు ఏమని బదులు వ్రాయాలి అనే విషయాలు ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకవు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఎర్ర సిరా పట్టుకుని చూపవలసినవే.

అయితే ఉస్తాదు మాటే వేదవాక్కు కావాలని మేము అనడం లేదు. ఇందుకు మన హైదరాబాదులోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. దానిని కొంత వివరంగా చెప్పక తప్పదు.

1846లో స్థాపించిన హైదరాబాదు వైద్య పాఠశాలలో తొలుత వైద్యాన్ని ఉర్దూలో బోధించేవారు. 1880లలో ఎడ్వర్డ్ లారీ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు దానికి అధిపతిగా వచ్చినాడు. ఆడపిల్లలు వైద్యం చదవడమే వింతగా ఉన్న ఆ రోజులలో, 1885లో, ఆయన అయిదుగురు మహిళలను చేర్చుకున్నాడు. వారిలో ఒకరైన పార్శీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫాం ఇచ్చి నిద్రపుచ్చడంలో ఆరితేరి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరు గడించినారు. సంవత్సరాల తరబడి పనిచేసిన పిమ్మట కూడా చదువు చాలలేదని 1909లో ఎడింబరో వెళ్లినారు. విభిన్న వర్గాల యువతకు మార్గదర్శకత్వం అని నేడు పెద్ద సభలలో వినబడే మాటకు మన నేలపై ఇంతకంటె పాత ఉదాహరణ మాకు తెలియదు.

క్లోరోఫాం వల్ల అప్పుడప్పుడు రోగులు హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండెా అన్నది ఆనాటి పెద్ద వివాదం. శ్వాసే ఆగుతుంది, దానిని గమనిస్తే చాలు, నాడిని చూడనక్కరలేదని లారీ దృఢ విశ్వాసం. ఆ విశ్వాసం ఆయనకు ఎడింబరోలో తన గురువు జేమ్స్ సైమ్ నుండి సంక్రమించింది. విషయం తేల్చడానికి 1888లో ఒక కమిషన్ హైదరాబాదులోనే ఏర్పడింది. దాని ఫలితాన్ని లండన్ నుండి వెలువడే లాన్సెట్ పత్రిక నమ్మకపోగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేయి పౌండ్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుడిని పంపి చూసుకొండని ఆహ్వానించినారు. లాడర్ బ్రంటన్ 1889లో వచ్చినాడు. ఆయనతో పాటు ఆ రెండవ కమిషన్‌లో కూర్చున్న వారిలో రుస్తుంజీ హకీం ఒకరు. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగినవి. గుండెకు నేరుగా ప్రమాదం లేదు, శ్వాసను కాపాడితే చాలునని ప్రకటించినారు. గుండెను గురించి ప్రపంచమంతా వాదించుకుంటున్న ప్రశ్నకు మన నగరం జవాబు చెప్పిన ఘట్టమది. చదివినప్పుడల్లా మాకు గర్వంగానే ఉంటుంది.

కాని ఆ జవాబు తప్పు. 1911లో ఎ.జి. లెవీ అనే పరిశోధకుడు తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులపై ప్రయోగాలు చేసి, గుండె కింది గదులు లయ తప్పి గిలగిలలాడి ఒక్కసారిగా ఆగిపోగలవని చూపించినాడు. సైమ్ నుండి లారీకి, లారీ నుండి హైదరాబాదు శిష్యులకు ఒకే మాట వారసత్వంగా వచ్చింది. క్లోరోఫాం ఇచ్చే శిష్యులు రోజూ రోగి తలవద్ద ఉండేవారు. నాడిని చూడనక్కరలేదని గురువు అన్నచోట, నాడిపై వేలు పెట్టి చూస్తే తప్పేమిటని అడిగే చనువు వారికి ఉన్నదా? గురువు ఔదార్యాన్ని మేము శంకించడం లేదు. తలుపు తెరచినవాడే ఎదురు ప్రశ్నకు కూడా చోటు ఇవ్వాలని మాత్రం అంటున్నాము. ముఖ్యంగా మన వంటి కుటుంబాల నుండి వెళ్లే పిల్లలు కృతజ్ఞతతో సగం, భయంతో సగం నోరు మూసుకుంటారు. చిన్నప్పటి నుండి అదే మర్యాదయని మనమే నేర్పినాము.

ఎదురు ప్రశ్న వేసినప్పుడు ఏమి జరుగుతుందో మూత్రపిండాల శాస్త్రమే ఇటీవల చూపింది. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూసి, ఒక సూత్రం ద్వారా మూత్రపిండాల శక్తిని అంచనా వేస్తారు. 1999లో అమెరికాలో వచ్చిన సూత్రంలో, రోగి నల్లజాతివాడైతే ఫలితాన్ని సుమారు 1.2తో హెచ్చించాలన్న నియమం ఉండేది. దాని వల్ల వారి మూత్రపిండాలు ఉన్నదానికంటె బాగున్నట్లు కాగితంపై కనబడేవి, మార్పిడి కొరకు వేచియుండే జాబితాలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యేది. దీనిని గట్టిగా ప్రశ్నించిన వారిలో వైద్య విద్యార్థులు, ఆ జాతి నుండి వచ్చిన యువ వైద్యులు ఉన్నారు. 2021లో అక్కడి మూత్రపిండ వైద్యసంఘాలు ఆ నియమాన్ని తొలగించినవి. 2023 నుండి నష్టపోయిన రోగుల నిరీక్షణ కాలాన్ని కూడా సరిదిద్దడం మొదలైనది. పరిశోధన గదిలో ఎవరు కూర్చున్నారన్నది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదని దీని వల్ల తెలియడం లేదా?

మన వద్ద కూడా అట్టి ప్రశ్నలు లేకపోలేదు. క్రియాటినిన్ కండరం నుండి పుడుతుంది. ఒంట్లో కండ లేని మనిషికి అది తక్కువగా ఉంటుంది గనుక, సూత్రం ప్రకారం అతని మూత్రపిండాలు చెడినా బాగున్నట్లే తోచవచ్చును. సిరిసిల్ల సాంచాల మీద రాత్రి పాళీ చేసి చిక్కిపోయిన నేతకార్మికుడు, ఉట్నూరు అడవుల గోండు రైతు, రామగుండం బొగ్గు కార్మికుడు, ముగ్గురికీ ఒకే కొలబద్ద సరిపోతుందా? గల్ఫ్ దేశాలలో నిప్పులు చెరిగే ఎండలో ఏండ్ల తరబడి పనిచేసి తిరిగి వచ్చిన జగిత్యాల, కోరుట్ల వాసుల మూత్రపిండాల సంగతి ఏమిటి? ఎండలో చాకిరీకి, మూత్రపిండాల క్షీణతకు గల సంబంధం మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీలలో చర్చనీయాంశమైనది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా పీడిస్తున్న వ్యాధికి మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమైనది. అక్కడి పల్లెల పిల్లలే అందులో పరిశోధకులు కావాలని మేము ఆశిస్తాము. ఇక్కడి ప్రశ్నలను ఇక్కడి పిల్లలు అడగాలన్నదే మా వాదం కూడా.

భాష అడ్డమవుతుందని భయపడేవారికి ఒక్క మాట. కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన డాక్టర్ సి. నారాయణరెడ్డి పట్టా వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, 1988లో తెలుగు కవిగా జ్ఞానపీఠం అందుకున్నారు. ఆదిలాబాద్ అడవులలో మార్లవాయి గ్రామంలో 1943లో హైమెన్‌డార్ఫ్ దొర ఆరంభింపజేసిన శిక్షణ కేంద్రం గోండు యువకులనే గోండు పిల్లలకు ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దింది. రెండు భాషలు, మూడు భాషలు తెలిసియుండడం మన పిల్లల లోపం కాదు. ఆ బీడీలు చుట్టే అవ్వ విషయంలో అది ఎంత పనిచేసిందో చెప్పియున్నాము.

గోడలకు కొరత తీరింది. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వెలసింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలోను, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. పూర్వపు రెండు జిల్లాలలో వెరసి ఎనిమిది. ధనం విషయంలో మాత్రం ఒక తలుపు మూసుకున్నది. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధక విద్యార్థులకు 2009లో ఆరంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలతో కలగలిసిపోతున్నదన్న కారణం చూపి, 2022-23 నుండి నిలిపివేసినారు. ఆ కారణంతో మేము ఏకీభవించలేము. ఇంటికి నెలనెలా డబ్బు పంపవలసిన విద్యార్థికి ఫెలోషిప్ అనేది గౌరవ చిహ్నం కాదు, కొనసాగడమా మానడమా అన్న నిర్ణయమే దానిపై ఆధారపడి ఉంటుంది.

ఇంకా తెరచియున్న తలుపులు లేకపోలేదు. వైద్య విద్యార్థుల కొరకు భారత వైద్య పరిశోధన మండలి 1979లోనే స్వల్పకాలిక పరిశోధన పథకాన్ని ఆరంభించింది. సైన్సు విద్యార్థుల కొరకు దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలసి వేసవి ఫెలోషిప్‌లను నిర్వహిస్తూ వచ్చినవి. దానికి దరఖాస్తు చేయాలంటే అధ్యాపకుని సిఫారసు ఉత్తరం కావాలి. మన కళాశాల నుండి అట్టి ఉత్తరం ఒక్కటైనా వెళ్లినట్లు మాకు జ్ఞాపకం లేదు. ఇందులో ప్రభుత్వాన్ని గాని ఢిల్లీని గాని నిందించడానికి వీలులేదు. ఆ ఉత్తరం వ్రాయవలసినవారము మేమే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. పరిశోధన అంటే డాక్టరే కానక్కరలేదు. జీవరసాయనం చదివినవారు, గణాంకశాస్త్రం చదివినవారు, నర్సింగుకు, ఫార్మసీకి వెళ్లినవారు అందరూ కావాలి. మన పూర్వ విద్యార్థులలో అట్టివారు ఎక్కడెక్కడ ఉన్నారో ముందుగా ఒక పుస్తకంలో వ్రాయించండి. ఆసక్తి గల ప్రతి విద్యార్థికి ఇద్దరు పెద్దలను కుదర్చండి. ఒకరు విషయం తెలిసినవారు, మరొకరు దారి తెలిసినవారు. విషయం తెలిసిన గురువు ఎదుట చెప్పుకోలేని కష్టాన్ని రెండవ వారికి చెప్పుకోవచ్చును. ఒకరు అడ్డుపడితే రెండవ వారు ఉంటారు. ఆడపిల్లల విషయంలో ఆ రెండవవారు ఇంటికి వెళ్లి అమ్మతో, అబ్బాజాన్‌తో కూర్చుని మాట్లాడగలవారై ఉండాలి, లేకుంటే దరఖాస్తు ఫారం గడప దాటదు. కుదిర్చేటప్పుడు మనవాడా కాడా అని కులమూ మతమూ చూడవద్దని ప్రత్యేకంగా మనవి. తమకు పోలికగా ఉన్నవారినే చేరదీయడం గురువులందరికీ ఉన్న బలహీనత, అందులో మేము మినహాయింపు కాదు.

వారానికి ఒక గంట ఇస్లాహ్ గంటగా పెట్టాలి. గుండె మీదనో మూత్రపిండాల మీదనో వచ్చిన ఒక ఆంగ్ల పరిశోధన వ్యాసాన్ని విద్యార్థులు చదివి, దానిని ఉర్దూలోను తెలుగులోను చెప్పాలి. అధ్యాపకులు సవరించాలి. అధ్యాపకులు పొరబడితే విద్యార్థులు సవరించాలి. సమీపంలోని వైద్య కళాశాలకు కమిటీ తరఫున ఒక లేఖ వ్రాసి, సంవత్సరానికి నలుగురైదుగురిని వేసవిలో పంపే ఏర్పాటు చేయాలి. వారి బస్సు ఛార్జీలు, భోజనం కళాశాలే భరించాలి. మేము లెక్క వేసి చూచినాము. వార్షికోత్సవపు షామియానా, మైకుసెట్టు ఖర్చులో సగం కూడా కాదు. షామియానా వద్దని మేము అనడం లేదు, కొంచెం చిన్నది వేయించినా ఎండ ఆగుతుంది.

ఈ వ్యాసానికి కారణమైన విద్యార్థిని ఈ సంవత్సరం చివరి తరగతిలో ఉన్నది. ఆమె పరీక్షలు వేసవిలో ముగుస్తాయి. ఆ పిమ్మట ఇంట్లో సంబంధాలు చూడడం మొదలుపెడతారని ఆమే చెప్పింది. కమిటీ తదుపరి సమావేశం సాధారణంగా జూలైలో జరుగుతుంది. దానిని ఈసారి మార్చిలోనే జరపవలసిందిగా కోరుతున్నాము. ఆమె సిఫారసు ఉత్తరం మేము వ్రాసి సిద్ధంగా ఉంచినాము.